లైసెన్సు చేతికొచ్చిన రోజు

శుక్రవారం రాత్రి

ఆరు నెలల తర్వాత ఈరోజు నల్లగొండ ఆర్టీఓ ఆఫీసులో నా లైసెన్సు తిరిగి ఇచ్చారు. తాగి ఆటో నడిపి దొరికాను, రెండు రోజులు జైల్లో ఉన్నాను. కాదనను. కానీ ఆ గుమాస్తా "మళ్ల గిట్లనే దొరికి వస్తవు తియ్" అని నవ్వుతుంటే ఒళ్లు మండింది.

"మళ్ల నా మొకం చూడరు సార్" అని వచ్చేశాను.

నకిరేకల్‌లో బస్సు దిగేసరికి సైదులు తన బండి మీద ఎదురుచూస్తున్నాడు. నేను దొరికిన రోజు నాతో కలిసి తాగింది వాడే. ఇవాళ కూడా నోరు గుప్పుమంటోంది.

"లైసెన్సు వచ్చింది గదరా, దావత్ చేసుకుందాం పా."

"తాగి బండి నడపొద్దు" అని తాళం లాక్కున్నాను.

"నాకు చెప్పనీకె నువ్వెవడివిరా?"

"జైలుకు పోయొచ్చినోన్ని. ఎనక కూసో."

కేతేపల్లి దాకా నేనే నడిపాను. దారంతా తిడుతూనే ఉన్నాడు. బండి వాడి ఇంటి ముందే పెట్టి, తాళం నా జేబులో వేసుకున్నాను.

"నీకూ నాకూ ఇగ మాటల్లేవు" అన్నాడు.

పదిహేనేళ్ల స్నేహం. నిజంగానే మాట్లాడడేమో... మానెయ్యనీ. పొద్దున తాళం కోసమైనా రావాల్సిందే. వాడి నోరు వాసన చూశాకే ఇస్తాను.