రాళ్ల చేను అడిగిన వైన్ ఆయన

బొల్లాపల్లి

తమ్ముడు ఆనంద్‌కు శేషక్క దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నాం. ఫోన్లో చెబితే నవ్వి పెట్టేస్తావని కార్డు రాస్తున్నా.

తెల్ల వైన్ తయారీలో దేశమంతా పేరున్న ఒకాయన, నాన్న మనిద్దరికీ ఇచ్చిన రాళ్ల చేను పదేళ్ల కౌలుకు కావాలని వచ్చాడు. బోరులో నీళ్లున్నాయా అని కూడా అడగలేదు. సున్నపురాయి ముక్కొకటి తీసి, నాలుకతో నాకి చూసి మురిసిపోయాడు.

"ఏందయ్యా, పత్తే సరిగ్గా పండదిక్కడ, నీ ద్రాక్షేం పండుద్ది?" అన్నా.

"ఇట్లాంటి నేలే కావాలమ్మా, తెల్ల ద్రాక్షకు రుచి ఈ రాళ్లలోనే ఉంది" అన్నాడు.

పండని నేలను కోరి అడిగేవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. ద్రాక్ష పేరు చెప్పి, పిడుగురాళ్లలో లాగా సున్నపురాయి క్వారీ పెడతాడేమోనని నా భయం.

పాపకు దగ్గు తగ్గిందా? పొలం పాస్‌బుక్ నీ దగ్గరే ఉందిగా, ఎవరడిగినా ఇవ్వకు. వచ్చేటప్పుడు నా కళ్లజోడు బాగుచేయించి తీసుకురా.

రెండడుగులకు మించి తవ్వనని ఆ వైన్ ఆయన్ని కాగితం రాసిమ్మన్నా. మారుమాట లేకుండా సంతకం పెట్టేశాడు. అప్పటినుంచి నాకు అనుమానం ఇంకా ఎక్కువైంది. ఆదివారం వచ్చి ఆ మనిషిని నువ్వొకసారి చూడు.

మరదలిని అడిగానని చెప్పు.

మీ అక్క
శేషారత్నం