రెండు నిమిషాల స్విచ్

ఆదివారం రాత్రి

నిన్న బొబ్బిలి మైదానంలో బావ నా రిమోట్ విమానాన్ని పట్టుకుని నిలబడితే, నా చొక్కా చెయ్యి తగిలి రిమోట్ మీద మోటారు వేగం పెంచే థ్రాటిల్ స్టిక్ పైకి లేచింది. ప్రొపెల్లర్ తిరిగి బావ ఎడమ చూపుడువేలు కోసేసింది. వీణ మెట్ల మీద నడిచే వేలు అది. పిల్లలకు పాఠం చెప్పే వేలు.

ఇప్పుడు ప్రొపెల్లర్ ఊడదీసి, రిమోట్‌లో థ్రాటిల్ కట్ స్విచ్ పెట్టాను. ఆ స్విచ్ వేస్తే స్టిక్ ఎంత తోసినా మోటారు తిరగదు. రెండు నిమిషాల పని. రేపు చూద్దాంలే అని మూడు నెలలు ఊరుకున్నాను.

బావకు ఫోన్ చేసి చెప్పాను.

"మంచి పని సేసావురా. నువ్విదైపోకు," అన్నాడు బావ.

వేలు వంగుతోందా అని అడిగాను.

"మీ అక్క పక్కనే ఉన్నాది. రేపు సెప్తాను," అని పెట్టేశాడు.

స్విచ్ వేసే ఉంది. స్టిక్ పైదాకా తోస్తూనే ఉన్నాను. మోటారు కదలడం లేదు.