నాలుగేళ్ళు దాచిన కాగితం

చిట్టితల్లికి నాన్న దీవెనలు.

ఇక్కడ నేనూ అత్తయ్యా బాగానే ఉన్నాం. నువ్వక్కడ హాస్టల్లో వేళకింత తింటూ, కంటినిండా నిద్రపోతున్నావనే అనుకుంటున్నాను.

నీ ఉత్తరం అందింది. నా మోకాలి నొప్పి తగ్గింది. కంపెనీవాళ్ళు కొత్త భవనంలో ఇంకో మూడు లిఫ్టుల మరమ్మతు పని నాకు అప్పగించారు. "ఊళ్ళో అందర్నీ పైకి పంపిస్తావు, నువ్వు మాత్రం మెట్లెక్కి చస్తావేంరా" అని అత్తయ్య ఎగతాళి. నీ నీలం స్వెటర్ దొరికింది, పంపిస్తాను.

క్లాసులో హెచ్ఐవీకీ ఎయిడ్స్‌కీ తేడా ఏమిటని మీ టీచరమ్మ అడిగితే "రెండూ ఒకటే మేడమ్" అన్నానని, అందరూ నవ్వారని రాశావు. తప్పు నీది కాదమ్మా. మనింట్లో విన్నదే చెప్పావు. చివర్లో "అమ్మకి ఉన్నది ఏది నాన్నా?" అని అడిగావు. ఆ ఒక్క ముక్కకి జవాబు రాయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది.

రెండూ. ముందు ఒకటి, తర్వాత రెండోది.

నువ్వు మూడో తరగతిలో ఉండగా అమ్మకి గాల్‌బ్లాడర్‌లో రాళ్ళని ఆపరేషన్‌కి రాశారు. ముందు రక్తపరీక్ష చేశారు. మర్నాడు నన్నొక్కణ్ణే గదిలోకి పిలిచి, కాగితం చేతిలో పెట్టి, "ఇక్కడ చెయ్యం, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి" అన్నారు. దాని మీద హెచ్ఐవీ పాజిటివ్ అని ఉంది. నేను చదివింది మాత్రం ఎయిడ్స్ అనే. ఇక మీ అమ్మ లేనట్టే అనుకున్నాను.

బయట బెంచీ మీద కూర్చున్న అమ్మకి, "రాళ్ళు చిన్నవేనట, ఆపరేషన్ అక్కర్లేదట" అని చెప్పాను. "హమ్మయ్య, కత్తి తప్పింది" అని నవ్వింది. మర్నాడే బట్టల ఫ్యాక్టరీకి వెళ్ళి, కాజాల మిషన్ ముందు కూర్చుంది. కాగితం మడిచి నా పనిముట్ల పెట్టె అడుగున పెట్టాను.

ఎలాగూ పోయే మనిషిని ముందే భయపెట్టడం దేనికి అనుకున్నానని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అది సగమే నిజం. చెబితే "నాకెలా వచ్చింది?" అని అడుగుతుంది. అది నా నుంచే వచ్చింది. దూరపు సైట్లలో నెలల తరబడి ఉన్న రోజుల్లో నేను తప్పుతోవ తొక్కాను. ఇంతకన్నా నీకు రాయలేను.

నాలుగేళ్ళు అమ్మ మామూలుగానే ఉంది. నీకు జడలు వేసింది, నా మీద అరిచింది, ఓవర్‌టైమ్ చేసింది. తర్వాత దగ్గు, జ్వరం. మనిషి సగమైపోయింది. పెద్దాసుపత్రిలో చేర్చాక, వరండాలో డాక్టరమ్మకి ఆ కాగితం చూపించాను.

"ఎప్పటిదిది?"

"నాలుగేళ్ళయిందండీ."

ఆవిడ తారీఖు మీద వేలు పెట్టింది. "అప్పుడు ఈవిడకి ఉన్నది హెచ్ఐవీ. అంటే వైరస్ ఒంట్లో చేరింది, అంతే. మందులు మొదలుపెట్టి ఉంటే దాన్ని అణిచిపెట్టేవాళ్ళం. అలా వదిలేస్తే, రోగాలతో పోరాడే కణాల్ని ఏళ్ళ తరబడి తినేస్తుంది. అవి అడుగంటాక ఇదిగో, ఇలా ఒకదాని వెంట ఒకటి జబ్బులు పట్టుకుంటాయి. ఇప్పుడున్నది ఎయిడ్స్."

"రెండూ ఒకటే కదండీ?"

"ఒకటే అయితే ఈ నాలుగేళ్ళూ పనికెలా వెళ్ళింది?"

అప్పుడైనా మందులు మొదలుపెట్టారు. ఆ దశ నుంచి కోలుకున్నవాళ్ళూ ఉన్నారని ధైర్యం చెప్పారు. మెదడుకి ఇన్ఫెక్షన్ పాకేసరికి ఆ ఆశా పోయింది.

నీకు బలం లేదని రక్తం తీయించానే, అది ఈ పరీక్షకే. నీకేమీ లేదు. నాకు ఉంది. రోజూ సాయంత్రం వేసుకునే మాత్ర బలానికని నీతో అన్నాను. అది దీనికే. ఆరేళ్ళుగా ఒక్కపూట కూడా మానలేదు. ఇప్పుడు పరీక్షలో వైరస్ కనబడనంత తగ్గిందంటున్నారు. నాకు ఎయిడ్స్ రాలేదు. మీ అమ్మకీ రాకుండా ఉండేది.

అసలు చెప్పాల్సింది ఇంకా ఉంది. జబ్బు పేరు డాక్టరమ్మే అమ్మకి చెప్పింది. కాగితం సంగతి నాకు వదిలేసింది. నేను మంచం దగ్గరికి వెళ్ళేసరికి అమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"మీకెప్పుడు తెలిసింది?" అంది.

"ఇవాళే" అన్నాను.

నమ్మింది. ఇటు తిరిగి నా చెయ్యి పట్టుకుంది. "మీరు ఆలస్యం చెయ్యకండి. ఇవాళే పరీక్ష చేయించుకోండి. ముందే తెలిస్తే బతకొచ్చట" అంది. తర్వాత తొమ్మిది రోజులే ఉంది. ఆ తొమ్మిది రోజుల్లోనూ నేను నిజం చెప్పలేదు.

ఆ కాగితం ఈ కవర్లోనే పెడుతున్నాను. తారీఖు పైన కుడివైపు ఉంటుంది. అది చూశాక సెలవులకి నువ్వు రాకపోతే, ఎందుకు రాలేదని అడగను.

ఇట్లు,
మీ అమ్మకి చెప్పలేనిది నీకు చెప్పుకున్న
నాన్న