ఎడమకు గుంజే కారు

మధుకర్,

నేను బస్సుకు పోతున్న. కారు తాళం నా సంచిలనే ఉంది, ఎతకకు. కూర వేడి చేసుకో. సాయంత్రం మనస్వినిని బడి నుంచి నువ్వే ఆటోల తీస్కరా.

ఇప్పుడు బయటికి పోయి, వంగి, కుడి దిక్కు ముందు టైరు లోపలి అంచు చూడు. బయటి నుంచి కొత్తదే అనిపిస్తది. లోపల తీగెలు తేలినయ్.

నిన్న అలైన్‌మెంట్ షాపుల కారును మిషిన్ ఎక్కిచ్చిన. చక్రం పైభాగం లోపలికి వాలింది, ఊకెనే గట్ల వాలదన్నడు షాపాయన. జడ్చర్ల పెండ్లి నుంచి వచ్చిన మర్నాడు నువ్వే ఆ షాపుకు పోయినవట. డివైడర్ ఎక్కిచ్చిన అన్నవట. వంగిన సామాను మార్చాలంటే వద్దని, స్టీరింగ్ ఒక్కటి నిటారుగ చెయ్యమన్నవట.

బండి ఎడమకు గుంజుతాందని నేనంటే, నీకు స్టీరింగ్ పట్టుడే రాదని అత్తమ్మ ముందట నవ్వినవ్. నేను గూడ నిజమే అనుకున్న. పిల్లను పక్కన కూసోబెట్టుకొని హైవే మీద గా టైరుతోనే తిరిగిన.

హరిత

భుజానికి రాసే నూనె సీసా నీ దిండు మీద పెట్టిన. స్టీరింగ్ కుడికి పట్టి పట్టి నొస్తుందంటే రోజు రాత్రి నువ్వే రాస్తివి. నొప్పి ఎందుకొచ్చిందో ఎరుకుండే రాస్తివి.