పిజ్జా అంచు

చెల్లాయికి,

హోటల్లో పిజ్జా కొరకబోతే నా కట్టుడు పళ్ళు ఊడిపడ్డాయనీ, ఆ సిగ్గుతో మధ్యలోనే లేచిపోయాననీ చెప్పుకుంటున్నారట. నా పళ్ళన్నీ నావే. నేను లేచింది నీ మాటకు.

నా కాలేజీ స్నేహితురాళ్ళ ఎదుట, నన్ను అడగకుండానే, నా ముక్కకున్న కరకరలాడే అంచు కోసి పారేసి, మెత్తటి నడిమి భాగాన్ని చంటిపిల్లకు తుంచినట్లు తుంచి పెట్టావు. పలచటి పిజ్జాకు ఆ అంచే ప్రాణం.

"నేను నమలగలనే," అన్నాను.

"ఊరుకో అక్కా. రేపు నీ ఇంటికొచ్చాక రోజూ నాకిదే పని కదా," అన్నావు.

"అదృష్టవంతురాలివే, జీతం లేని ఆయా దొరికింది," అంది నాతో, ఆ స్నేహితురాళ్ళలోని లెక్చరరమ్మ. అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు.

తోడు కావాలని నేను నిన్ను అడగలేదు. తలదాచుకునే చోటు కావాలని నువ్వు నన్ను అడిగావు. నెలాఖరుకల్లా ఇల్లు విడిచి పొమ్మని నీ అల్లుడు అన్న సంగతి ఆ బల్ల దగ్గర నా పెదవి దాటలేదు. నువ్వు మాత్రం ఏరు దాటకముందే తెప్ప తగలేశావు.

నీకోసం ఖాళీ చేయించిన గదిలోకి నిన్న నా పుస్తకాల బీరువాలు చేర్పించాను. మంచం అమ్మేశాను. నెలాఖరున ఆటో ఎక్కి నా ఇంటి దారి చెప్పకు.

అక్క