ఏటి వైపు అద్దం

ఏవండీ,

కృష్ణ ఒడ్డున, బెజవాడలో, మీరు రంగులేస్తూ పరంజా మీంచి పడిపోయిన ఆ మేడ ఇప్పుడు నిలువెల్లా అద్దాలతో మెరుస్తోంది. అందులోనే మన సుధకి ఉద్యోగం వచ్చింది. వద్దని ఎంత చెప్పినా వినలేదు. ఒంటరిగా పంపలేక, ఈ ఉదయం భీమడోలులో రైలెక్కి నేనూ వెంట వెళ్ళాను.

లిఫ్టులో గుండె చిక్కబట్టుకుని నిలబడ్డాను. పై అంతస్తులో దాని బల్ల సరిగ్గా ఏటి వైపు అద్దం పక్కనే వేశారు. సుధ కూర్చోలేదు. దూరంగా నిలబడి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అమ్మా, నిజం చెప్పు. నాన్న పడిపోయింది ఇటేనా?"

ఇటేనండీ. మీతో పనిచేసినవాళ్ళు ఆనాడే కిందనుంచి నాకు చూపించారు. అక్కడున్నవాళ్ళంతా మమ్మల్నే చూస్తున్నారు.

"ఇటు కాదమ్మా. వెనక, రోడ్డు వైపు," అన్నాను.

అది నా మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత ఊపిరి వదిలి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇంక నువ్వెళ్ళమ్మా, రైలు తప్పిపోద్ది."

కిందికొచ్చి తలెత్తి చూస్తే, ఎండకి దాని కిటికీ ఏదో పోల్చుకోలేకపోయాను. పైనున్న మీకు తెలుస్తుంది కదా. దాన్ని కనిపెట్టుకుని ఉండండి. నేను అబద్ధమాడానని మాత్రం చెప్పకండి.

మీ
వెంకటలక్ష్మి