ఒకటి కొట్టేసి మూడు

రాయపూరు,
9 జూలై 1953.

అన్నయ్యకి,

నువ్వు ఎందరి చుట్టూనో తిరిగి ఆసుపత్రిలో ఇప్పించిన ఆయా ఉద్యోగం ఇది. పెద్ద డాక్టరు గారికి క్షమాపణ రాసిచ్చి నిలబెట్టుకోమన్నావు. నేను రాయను. జరిగింది చదివి, అప్పుడు తిట్టు.

మా ఆసుపత్రిలో మతి చెడినవాళ్ళని ఈమధ్య మూడు తరగతులుగా విడదీశారు. అరిచేవాళ్ళు, మీద పడేవాళ్ళు మూడో తరగతి. ఆయాలందరూ వాళ్ళ దగ్గరే ఉండాలి. నోరెత్తనివాళ్ళు ఒకటో తరగతి. వాళ్ళ ముందు పళ్ళెం పెట్టి వచ్చేస్తే చాలట. సుకవారో అనే ముసలామెని ఒకటిలో వేశారు. ఎవరైనా పక్కన కూర్చుని బతిమాలితే తప్ప ఆమె ముద్ద ముట్టదు. తొమ్మిదో రోజున కుళాయి దగ్గర పడిపోయింది. నేనే మోసుకొచ్చి గంజి తాగించాను. ఆ పూటే రిజిస్టరులో ఆమె పేరు దగ్గర ఒకటి కొట్టేసి మూడు వేశాను.

డాక్టరు గారు పిలిపించి, "నువ్వెప్పుడు డాక్టరువయ్యావు?" అన్నారు.

"డాక్టర్ని కాదు సాబ్, అన్నం పెట్టేదాన్ని. ఎవరు తింటున్నారో నాకు తెలుసు. మీరొకసారి తినిపించి చూడండి" అన్నాను.

ఆయన నిజంగానే వచ్చి ఆమె పక్కన కూర్చున్నారు. నాలుగు ముద్దలకి గంట పట్టింది. మూడు అంకెని అలాగే ఉంచారు. కానీ రిజిస్టరు ముట్టుకున్నందుకు నేను తప్పు ఒప్పుకోవాలట.

ఒప్పుకుంటే రేపు ఏ ఆయా అయినా ఆ అంకెల జోలికి వెళుతుందా? ఇలా నోరెత్తకుండా పస్తులుండేవాళ్ళు మా వార్డులో ఇంకా నలుగురున్నారు. క్షమాపణ కోసం ఆయన ఇచ్చిన కాగితం మీద ఆ నలుగురి పేర్లూ రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చేశాను.

నీ చెల్లెలు